రేసింగ్ సిమ్యులేటర్
ట్రాక్‌పై కారు నడిపే అనుభవాన్ని తెర, స్టీరింగు, పెడళ్లతో కల్పించే శిక్షణ పరికరం. మలుపుల వరుస, బ్రేకు వేయాల్సిన చోటు, విద్యుత్ కార్లలో బ్యాటరీ పొదుపు దీనిపై బాగా అలవడతాయి. ఉదాహరణకు, హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన 2023 ఫిబ్రవరి 11న విద్యుత్ కార్ల రేసు సిరీస్ ఫార్ములా-ఈ పోటీ జరిగింది. 18 మలుపులు, సుమారు 2.83 కిలోమీటర్ల ఆ వీధి ట్రాక్ అప్పట్లో ఆ సిరీస్‌కు కొత్త. ఏడాదిలో మిగతా రోజులు మామూలు రాకపోకలుండే ఇలాంటి దారులపై ముందస్తు సాధన కుదరదు కనుక జట్లు సిమ్యులేటర్లపై ఆధారపడతాయి. అయితే రోడ్డుపై దుమ్ము, గతుకులు, టైర్ల పట్టులో మార్పు, మలుపులో మెడపై పడే ఒత్తిడి, ప్రమాద భయం సిమ్యులేటర్‌లో పూర్తిగా తెలియవు. 2011లో వీడియో గేమ్ ఆటగాళ్ల నుంచి రేసర్లను ఎంపిక చేసే జీటీ అకాడమీ పోటీ నెగ్గిన బ్రిటన్ గేమర్ జాన్ మార్డెన్‌బరో కూడా అసలు కార్లలో శిక్షణ పొందాకే 2013 లీ మాన్స్ 24 గంటల రేసులో పాల్గొన్నాడు. సిమ్యులేటర్ ట్రాక్ సాధనకు తోడ్పడుతుంది, దాని స్థానాన్ని భర్తీ చేయదు.