ఏడుపు మానితే అలవాటు పడ్డట్టేనా?



ఉద్యోగం చేసే తల్లులు పిల్లల్ని క్రెష్‌లో వదిలి వెళ్ళడం ఇప్పుడు మనకి వింత కాదు. కూతురి కోసమో, కోడలి కోసమో మంచి క్రెష్ వెతికిపెట్టే బాధ్యత కూడా చాలా ఇళ్ళల్లో మనదే. కొత్తల్లో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే, "ఏడవనీ అమ్మా, నాలుగు రోజులు పోతే వాడే మానుకుంటాడు" అని ధైర్యం చెబుతాం. నాలుగు రోజులకి మానుకుంటాడు కూడా. మరి మానుకున్నంత మాత్రాన అలవాటు పడ్డట్టేనా? ఈ ప్రశ్నకి జవాబు దొరకడానికి లోకానికి నూరేళ్ళ పైనే పట్టింది. ఆ కథ కాస్త చెప్పుకుందాం.

1844లో పారిస్ నగరంలో ఫిర్మిన్ మార్బో అనే ఆయనకి ఒక సందేహం వచ్చింది. కూలికి వెళ్ళే తల్లుల పిల్లల్లో రెండేళ్ళు దాటినవాళ్ళకి బళ్ళున్నాయి. మరి చంకబిడ్డలు ఎక్కడుంటున్నారు? వాళ్ళ కోసమే ఆయన ఆ ఏడు ఒక గృహం తెరిపించి, దానికి క్రెష్ అని పేరు పెట్టారు. ఫ్రెంచిలో ఆ మాటకి పశువుల తొట్టి అని అర్థం. ఏసుక్రీస్తు పుట్టినప్పుడు పడుకోబెట్టింది అందులోనే కదా! తల్లులు పని మధ్యలో వచ్చి పాలిచ్చి వెళ్ళేవారు. పాలు, పరిశుభ్రత, వెచ్చని పక్క ఇవి అమరితే చాలుననుకున్న రోజులవి. బిడ్డ మనసు సంగతి ఇంకా ఎవరికీ అంతగా తట్టలేదు.

అది తట్టింది రెండో ప్రపంచ యుద్ధకాలంలో. లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో ఆన్నా ఫ్రాయిడ్, డోరతీ బర్లింగ్‌హామ్ అనే ఇద్దరు స్త్రీలు హాంప్‌స్టెడ్‌లో పిల్లల కోసం వసతి గృహాలు నడిపారు. తిండికీ ఆటలకీ లోటు లేదు. అయినా పిల్లలు దిగులుగా వుండేవారు. అప్పుడు పిల్లల్ని చిన్న చిన్న కుటుంబాల్లా విడదీసి, ఒక్కో గుంపుకి ఒక్కో ఆమెను అప్పగించారు. స్నానం, అన్నం, జోల అన్నీ ఆమే చూసుకునేది. దాంతో పిల్లల్లో మార్పు కనబడింది. పదిమంది చేతులు మారేకంటే, ఒక్కరి ఒడి దొరకడమే బిడ్డకి ముఖ్యమని తెలిసింది.

అక్కడ పనిచేసిన జేమ్స్, జాయిస్ రాబర్ట్‌సన్ దంపతులు తరవాత కొన్ని సినిమాలు తీశారు. 1969లో తీసినదాంట్లో జాన్ అనే పదిహేడు నెలల పిల్లవాడున్నాడు. తల్లి పురిటికి వెళితే తొమ్మిది రోజులు శిశుగృహంలో వున్నాడు. ఆయాలు మంచివాళ్ళే. కాని వాళ్ళకి పనులు పంచారు గాని పిల్లల్ని పంచలేదు. జాన్ ఒకరి తరవాత ఒకరి దగ్గరికి వెళ్ళి చూశాడు. ఎవరికీ తీరిక లేదు. చివరికి పెద్ద ఎలుగుబంటి బొమ్మని పట్టుకు పడుకున్నాడు, అన్నం మానేశాడు. తల్లి వచ్చిన రోజున ఆవిడ దగ్గరికి వెళ్ళనని పెనుగులాడాడు.

ఇదే దంపతులు మరి నలుగురు పిల్లల్ని తమ ఇంట్లోనే వుంచుకుని సాకారు. ముందుగానే వాళ్ళని రప్పించి ఇల్లు అలవాటు చేశారు. వాళ్ళ దుప్పటి, బొమ్మలు వెంట తెప్పించారు. రోజూ తల్లి మాట ఎత్తేవారు. ఆ పిల్లలు కూడా బెంగపెట్టుకున్నారు గాని, జాన్‌లా కుంగిపోలేదు.

ఇది విని భయపడకండి. జాన్ రాత్రింబగళ్ళు తల్లికి దూరమయ్యాడు. మన పిల్లలు సాయంత్రానికి ఇల్లు చేరతారు. అయినా పాఠం ఒకటే.

ఆ పాఠాన్నే 1980ల తరవాత జర్మనీలో బెర్లిన్ పద్ధతి అన్నారు. మొదటి మూడు రోజులు తల్లో తండ్రో బిడ్డతోనే కూర్చుంటారు. నాలుగో రోజున "వెళ్ళొస్తా" అని చెప్పి, కాసేపు పక్కగదిలోకి వెళతారు. ఏడ్చిన బిడ్డ ఆయా ఒడిలో ఊరుకుంటే సరే, లేకుంటే వెంటనే వెనక్కి వస్తారు. బిడ్డ ఏడవకపోవడం గుర్తు కాదు. ఏడుపొచ్చినప్పుడు ఆయా దగ్గరికి వెళ్ళి ఊరట పొందితేనే అలవాటు పడ్డట్టు లెక్క.

మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం కార్మిక స్త్రీల బిడ్డలకి క్రెష్ వుండాలంది. 1969లో మీరా మహదేవన్ ఢిల్లీలో భవన నిర్మాణ కూలీల పిల్లల కోసం మొబైల్ క్రెషెస్ ప్రారంభించారు. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి, 50 మంది వున్న సంస్థల్లో క్రెష్ వుండాలనీ, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూసి రావచ్చుననీ రాశారు.

కనక క్రెష్ చూడబోయినప్పుడు గోడల మీది బొమ్మలు తరవాత చూద్దురుగాని, ముందు ఈ సంగతులు అడగండి. మా బిడ్డని రోజూ ఎత్తుకునేది ఎవరు? ఆమె చేతికింద ఎంతమంది పసివాళ్ళు? ఆయాలు తరచు మారిపోతారా? మొదటి రోజుల్లో తల్లిని లోపల కూర్చోనిస్తారా? గుమ్మంలోనే ఆపేసే చోటైతే ఇంకోటి వెతకండి. ఓ మధ్యాహ్నం చెప్పకుండా వెళ్ళి, ఏడ్చే బిడ్డ దగ్గరికి ఎవరైనా వస్తున్నారో లేదో గమనించండి.

చేర్చాక బిడ్డ ఆటలో వుండగా దొంగచాటుగా జారుకోకండి. ఏడ్చినా సరే, చెప్పే వెళ్ళండి. చెప్పిన వేళకి రండి. అమ్మ పాతచీర ముక్క ఒకటి వెంట ఇవ్వండి. బువ్వకీ నీళ్ళకీ నిద్రకీ మీ ఇంట్లో వాడు ఏమంటాడో ఆయాకి చెప్పండి. సాయంత్రం మిమ్మల్ని చూడగానే భోరుమంటే విసుక్కోకండి. పగలంతా దాచుకున్న ఏడుపు అది. దాన్ని మీకోసమే అట్టే పెట్టుకున్నాడు.

ఇక మరీ బుద్ధిమంతుడిలా ఓ మూల కూర్చునే బిడ్డని, "మీ వాడు అసలు అల్లరే చెయ్యడండీ" అని ఆయా మెచ్చుకుంటే, సంతోషించే ముందు ఒక్కమాట అడగండి: "దెబ్బ తగిలితే నీ దగ్గరికి వస్తున్నాడా అమ్మా?" అని.