గాలి ప్రవాహ సెన్సర్ లోప నిర్ధారణ

ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచి ఇంజన్ కంప్యూటర్‌కు తెలిపే పరికరం గాలి ప్రవాహ సెన్సర్. మెకానిక్‌లు దీన్ని ఎయిర్ ఫ్లో సెన్సర్ అనీ మాఫ్ సెన్సర్ అనీ అంటారు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే గొట్టంలో అమర్చి ఉంటుంది. దీని కొలత తప్పితే ఇంధనం లెక్క తప్పుతుంది. బండికి పికప్ పోతుంది, మైలేజీ పడిపోతుంది, ఐడిల్ నిలకడగా ఉండదు.

కార్బ్యురేటర్ల కాలమంతా గాలిని విడిగా కొలిచే అవసరం రాలేదు. పొగ రంగు, స్పార్క్ ప్లగ్ మసి చూసి లోపం పట్టేవారు. వేడి తీగ మీదుగా గాలి వీస్తే తీగ ఎంత చల్లబడుతుందో గణితంలో చెప్పిన ఎల్.వి. కింగ్ వ్యాసం 1914లోనే వచ్చింది. ఆ సూత్రం కార్లలోకి రావడానికి ఆరు దశాబ్దాలకు పైగా పట్టింది.

అసలు చరిత్ర జర్మనీకి చెందిన బాష్ కంపెనీతో మొదలవుతుంది. 1967 నాటి దాని ఇంధన ఇంజెక్షన్ వ్యవస్థ డి-జెట్రానిక్ గాలిని నేరుగా కొలవలేదు, మానిఫోల్డ్ పీడనాన్ని బట్టి అంచనా కట్టింది. 1973లో వచ్చిన ఎల్-జెట్రానిక్‌లో గాలి తోసే కొద్దీ తెరుచుకునే రెక్క ఉండేది. దాని లోపం పట్టడం చేతిపని: రెక్కను వేలితో మెల్లగా తోస్తూ ఓమ్ మీటర్ ముల్లు ఎక్కడా తెగకుండా కదులుతోందా అని చూడాలి. కార్బన్ పట్టీ అరిగిన చోట ముల్లు ఒక్కసారిగా ఎగిరిపడేది. ఇంజన్ వెనక్కి పేలితే రెక్క వంగి ఇరుక్కునేది. 1980ల ఆరంభంలో ఎల్‌హెచ్-జెట్రానిక్‌తో 0.07 మిల్లీమీటర్ల మందమున్న ప్లాటినం తీగ వచ్చింది. ఇంజన్ ఆపాక కంప్యూటర్ ఆ తీగను సుమారు 1,000 డిగ్రీల సెల్సియస్‌కు ఒక సెకను పాటు కాల్చి, అంటిన మురికిని వదిలించేది. చక్కటి ఏర్పాటు. ఆపిన వెంటనే తీగ ఎర్రబడుతోందా అన్నదే అప్పటి మెకానిక్‌కు మొదటి పరీక్ష. తర్వాత వచ్చిన, తీగకు బదులు పలచని పొర ఉండే హాట్ ఫిల్మ్ సెన్సర్లు ఈ కాల్చుడు అవసరం లేకుండా చేశాయి.

1996 నుంచి అమెరికాలో ఓబీడీ-2 (బండి తన లోపాలను తానే పట్టే వ్యవస్థ) తప్పనిసరి కావడంతో లోపాలకు ఉమ్మడి కోడ్‌లు వచ్చాయి. పీ0100 అంటే సర్క్యూట్ లోపం, పీ0101 అంటే కొలత నమ్మదగ్గట్టు లేదు, పీ0102 అంటే సిగ్నల్ తక్కువ, పీ0103 అంటే ఎక్కువ.

భారతదేశంలో ఈ సెన్సర్ విస్తృతి కాలుష్య ప్రమాణాలతో ముడిపడింది. బీఎస్-4 దేశమంతటా 2017 ఏప్రిల్ 1న, బీఎస్-6 2020 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు, మారేడుమిల్లి ఏజెన్సీలో చాలాకాలం మనుషుల్నీ సంత సరుకునూ మోసిన కమాండర్ జీపుల్లో ఇలాంటి సెన్సర్ లేదు. డీజిల్ పంపు, నాజిళ్లు, ఫిల్టర్ చూస్తే సరిపోయేది. కంప్యూటర్ అదుపులో నడిచే కామన్ రైల్ డీజిల్ బళ్లు వచ్చాక లోపాల కోడ్‌లు చదివే స్కానర్ అవసరమైంది. ఘాట్ మలుపుల్లో నిండు లోడుతో బండి లాగకపోతే అనుమానం ముందు టర్బో మీదికీ డీజిల్ మీదికీ పోతుంది. సెన్సర్ గాలిని తక్కువగా చూపితే కంప్యూటర్ డీజిల్ కోసేస్తుంది, పొగ రాదు గానీ బండి ఎక్కదు. ఎక్కువగా చూపితే నల్లపొగ వస్తుంది.

స్కానర్‌లో కనిపించే అంకెను లెక్కతో సరిచూడాలి. రెండు చుట్లకు ఒకసారి గాలి పీల్చే 2.5 లీటర్ల డీజిల్ ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరిగితే ఆ నిమిషంలో 1,000 లీటర్ల గాలి పీలుస్తుంది. మైదానంలో లీటరు గాలి సుమారు 1.2 గ్రాములు కనుక సెకనుకు 20 గ్రాములు. సిలిండర్లు పూర్తిగా నిండవు కాబట్టి, ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేది) మూసి ఉన్నప్పుడు, 16-17 గ్రాములు చూపితే సరిగ్గా ఉన్నట్టే. శబరి నది ఒడ్డున పల్లంలో ఉన్న చింతూరుకు ఈ లెక్క సరిపోతుంది. దాదాపు 900 మీటర్ల ఎత్తున్న అరకులో గాలి పలచన, కొలత 8-9 శాతం తగ్గుతుంది. అది లోపం కాదు.

అంకె బాగా తక్కువగా ఉన్నా వెంటనే సెన్సర్ మార్చడం సరికాదు. పగిలిన హోస్, వదులైన క్లిప్పు, దుమ్ముతో మూసుకుపోయిన ఫిల్టర్, తెరుచుకుని ఇరుక్కున్న ఈజీఆర్ వాల్వు కూడా ఇదే అంకె చూపిస్తాయి. వీటిని వదిలేసి ఖరీదైన సెన్సర్ కొనిపించడం వర్క్‌షాపుల్లో తరచూ జరిగే పొరపాటు. వరద నీట మునిగిన బళ్ల సంగతి వేరు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరి, శబరి ఎగదన్ని చింతూరు మండలం ముంపునకు గురైంది. అలాంటి నీళ్లలో నిలిచిన బళ్లకు ముందు కప్లర్ (సెన్సర్ వైర్ల కనెక్టర్) పిన్నుల చిలుమే చూడాలి.

వోల్టేజీ ఇచ్చే బాష్ హాట్ ఫిల్మ్ రకాల్లో కీ ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయనప్పుడు మీటర్ సుమారు 1 వోల్టు చూపాలి. కప్లర్ పీకి బండి నడిపి చూడటం పాత ఉపాయం. అప్పుడు లాగుడు పెరిగితే సెన్సర్ మీద అనుమానం బలపడుతుంది. కొన్ని బళ్లలో కప్లర్ పీకగానే కంప్యూటర్ శక్తిని తగ్గించేస్తుంది కనుక అక్కడ ఈ పరీక్ష పనికిరాదు. మురికి పట్టిన సెన్సర్‌ను దానికోసమే తయారైన స్ప్రేతో కడిగి, పూర్తిగా ఆరాక బిగించాలి. పెట్రోలు, గుడ్డ, కంప్రెసర్ గాలి ఆ పలచని ఫిల్మ్‌ను పాడుచేస్తాయి.