చందుర్తి యుద్ధము – బందరుకోట ముట్టడి

బొబ్బిలియుద్ధము నెఱుగని యాంధ్రుడు లేడు. జంగముకథల మూలమున నది పల్లెపల్లెకును బ్రాకినది. ఆ యుద్ధము 1757 జనవరి 24వ తేదీన జరిగెను. అటుపిమ్మట రెండేండ్లు నిండకమునుపే పిఠాపుర ప్రాంతమున చందుర్తియొద్ద మఱియొక పోరు సంభవించెను. ఉత్తరసర్కారు లెవ్వరి పాలగునో నిర్ణయించినది యీ రెండవ యుద్ధమే యైనను దీనికి మొదటిదాని ప్రసిద్ధిలో లేశమైనను లేదు. ఇంగ్లీషు గ్రంథములలో నిది 'కాండోర్' యుద్ధమని వ్రాయబడుటచే ఊరిపేరు సైతము మఱుగుపడినది.

దీనికి బీజము బొబ్బిలిలోనే కలదు. పూసపాటి విజయరామ గజపతిరాజు ఫ్రెంచి సేనాని బుస్సీ తోడ్పాటున బొబ్బిలికోటను గూల్చెను. కాని కొలదినాళ్లకే తన డేరాలోనే తాండ్ర పాపారాయనిచే హతుడయ్యెను. తరువాత విజయనగరాధిపతియైన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారియెడ విముఖుడయ్యెను. 1758లో లాలీ, బుస్సీని దక్కనునుండి పిలిపించుకొనగా ఆ స్థానమునకు కాన్‌ఫ్లాన్సు వచ్చెను. ఆనందరాజు అదను జూచి విశాఖపట్టణమును ఫ్రెంచివారినుండి గైకొని ఇంగ్లీషువారిని సాయమడిగెను. చెన్నపట్టణమువారు సమ్మతింపలేదు. కలకత్తానుండి క్లైవు మాత్రము కల్నల్ ఫోర్డు నాయకత్వమున 500 మంది తెల్లసైనికులను, 2,000 మంది సిపాయిలను ఓడలమీద బంపెను.

1758 డిసెంబరులో చందుర్తియొద్ద ఉభయసేనలు నెదుర్కొనెను. ఫోర్డు పక్షమున సుమారు 470 మంది తెల్లవారును, 1,900 మంది సిపాయిలును, రాజు పంపిన 5,000 మంది బంట్లును ఉండిరి. కాన్‌ఫ్లాన్సునకు 500 మంది తెల్లవారును, 6,000 మంది సిపాయిలును, ముప్పదికి మించిన ఫిరంగులును గలవు. ఫోర్డు తన తెల్లపటాలమును నడుమను, సిపాయిలను ఇరుప్రక్కలను నిలిపెను. నడిమిపటాలము ఏపుగా బెరిగిన పైరు చాటున నుండుటచే శత్రువులకు గానరాలేదు. బయలున నిలిచిన సిపాయిలు ఎఱ్ఱని అంగీలు తొడిగి యుండిరి. ఎఱ్ఱయంగీ తెల్లవారిదే యని భ్రమించి ఫ్రెంచి పటాలము వారిపై బడెను. సిపాయిలు వెనుకంజ వేయగా ఫ్రెంచివారు వరుసలు చెదరి తఱుముకొనిపోయిరి. అంతట చేనిచాటు పటాలము వెలువడి వారి ప్రక్కను తుపాకులతో గాల్చెను. క్షణములో గెలుపు ఓటమియయ్యెను. ఫిరంగులును శిబిరమును ఫోర్డు వశమయ్యెను. కాన్‌ఫ్లాన్సు గుఱ్ఱములు మార్చుకొనుచు రాజమహేంద్రవరమునకు బరుగెత్తెను.

గెలిచినవారికి వెంటనే ధనచిక్కు గలిగెను. సేనవ్యయము భరింతునన్న రాజు సొమ్ము నీయ జాగుచేసెను. ఈ వివాదమున వారములు గడచిపోయెను. ఫోర్డు బందరుకోట ముందునకు జేరుసరికి 1759 మార్చి 6వ తేదీ యయ్యెను. అచ్చట జీతములు ముట్టమి తెల్లసైనికులు తిరుగబడిరి. ఫ్రెంచివారికి మిత్రుడైన సలాబతుజంగు పెద్దసేనతో సమీపించుచుండెను. పాండిచేరినుండి ఓడలమీద సాయము రానుండెను. మందుగుండును తఱిగిపోయెను. ముట్టడి యెత్తివేయుటయో, ఒక్కరాత్రిలో కోట నెక్కుటయో తప్ప వేఱుదారి లేకపోయెను.

ఏప్రిలు 7వ తేదీ రాత్రి, ఆటువలన నీరు తగ్గిన సమయమున, 346 మంది తెల్లవారును 1,400 మంది సిపాయిలును కోటపై గవిసిరి. దాటరానిదని ఫ్రెంచివారు నమ్మియున్న బురదనేలమీదుగా కాప్టెన్ నాక్సు కొందఱు సిపాయిలతో వచ్చి యొకవైపున గలవరము గల్పించెను. రాజుబంట్లు వేఱొకవైపున సందడిచేసిరి. ఈశాన్యపు బురుజుకడ అసలు దాడి జరిగెను. తెల్లవాఱక మునుపే కాన్‌ఫ్లాన్సు లొంగిపోయెను. సుమారు 500 మంది తెల్లవారును 2,500 మంది సిపాయిలు మున్నగువారును పట్టువడిరి. పట్టుకొన్నవారికంటె పట్టువడినవారే యెక్కువ! కొలది దినములకు ఫ్రెంచి యోడలు రేవు జేరెను గాని అప్పటికి కోట చేజారియుండెను.

1759 మే 14వ తేదీన సలాబతుజంగు ఒడంబడిక చేసికొని, బందరును దాని చుట్టుపట్ల సీమలను ఇంగ్లీషువారి కిచ్చి, ఫ్రెంచివారిని కృష్ణకుత్తరమున నుండనీయనని యొప్పుకొనెను. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానా, 1766లో నిజాము ఒప్పందము ఉత్తరసర్కారులను కంపెనీకి గట్టిపఱచెను.

ఈ విజయము నెల్ల చరిత్రకారులు ఫోర్డు సాహసమునకే యారోపింతురు. సాహసము నిజమే. కాని కోట నెక్కునపుడు తెల్లవారు 22 మంది మడియగా సిపాయిలు 50 మంది మడిసిరి. ఉత్తరహిందూస్థానమున నా కాలపు సిపాయిలను 'తిలంగా'లని పిలుచుట వాడుక. తెలుగుదేశపు పేరుతో బిలువబడిన యా వర్గపు సైనికులే తెలుగుదేశమును కంపెనీకి గెలిచి యిచ్చిరి. వారి పేరులు మాత్రము నిలువలేదు. ఫోర్డు 1769లో అరోరా యను నోడమీద మరల హిందూదేశమునకు వచ్చుచు, ఆ యోడతోగూడ సముద్రమున అదృశ్యుడయ్యెను.

ఆనందరాజు ఒక విదేశీయుని వెడలగొట్టుటకు వేఱొక విదేశీయుని బిలిచెను. చందుర్తి జరిగిన ముప్పదియాఱేండ్లకు, 1794 జూలై 10వ తేదీన, అతని తరువాత విజయనగరమేలిన చిన్న విజయరామరాజు పద్మనాభముకడ కంపెనీ సేనచేతనే నిహతుడయ్యెను. బొబ్బిలికి ఫలము చందుర్తి. చందుర్తికి ఫలము పద్మనాభము. ఈ మూటిని వేఱువేఱుగా జదివినచో నొక్కటియు బోధపడదు.