ఐకార్ పరీక్షా ఫైలు

ఐకార్ పరీక్షా ఫైలు, కంప్యూటరులో యాంటీవైరస్ పనిచేస్తున్నదీ లేనిదీ తేల్చడానికి వాడే హానిరహితమైన ప్రోగ్రాము. 1991లో ఏర్పడిన ఐరోపా యాంటీవైరస్ పరిశోధన సంస్థ ఐకార్, పరిశోధకుల సంఘం కారో కలిసి దీన్ని రూపొందించాయి. అసలు వైరస్‌తో పరీక్షించే ప్రమాదాన్ని తప్పించడం దీని ఉద్దేశం.

ఫైలు నిడివి 68 బైట్లు. అన్నీ కీబోర్డుపై టైపు చేయగల అక్షరాలే. చివర ఖాళీలు చేర్చినా మొత్తం 128 అక్షరాలు దాటకూడదు. డాస్‌లో నడిపితే ఒక సందేశాన్ని చూపి ఆగిపోతుంది. తన నకళ్లను సృష్టించుకోదు. 64 బిట్ల విండోస్‌లో ఇది నడవదు. అయినా స్కానర్లు ఫైలులోని అక్షరాలను బట్టి గుర్తిస్తాయి.

కార్యాలయాల్లో యాంటీవైరస్‌ను ఒకే సర్వరు నుంచి నిర్వహించేచోట లోపం ఎక్కడుందో కనుక్కోవడానికి ఇది ఉపకరిస్తుంది. ఫైలు పట్టుబడకపోతే తక్షణ స్కానింగు ఆగిపోయి ఉండవచ్చు, లేదా ఆ ఫైలు ఉన్న ఫోల్డరు స్కానింగు మినహాయింపుల జాబితాలో ఉండవచ్చు. పట్టుబడినా హెచ్చరిక సర్వరుకు చేరకపోతే కంప్యూటరు నుంచి సర్వరుకు సమాచారం పంపే ఏజెంటు సేవను, ఫైర్‌వాల్ పోర్టులను, సర్వరు చిరునామాను తనిఖీ చేస్తారు. కొత్త వైరస్‌లను గుర్తించే సామర్థ్యాన్ని ఈ పరీక్ష కొలవదు.