పుప్పొడి లేని పువ్వు

వెలిగండ్ల, కనిగిరి చుట్టుపక్కల వాన మీదే ఆధారపడి సేద్యం చేసే రైతుకు కంది పాత నేస్తం. జూలై, ఆగస్టుల్లో విత్తితే సంక్రాంతి అటూ ఇటూగా కోతకొస్తుంది. రోడ్డు మీద నుంచి చూస్తే చేనంతా ఒకే పచ్చదనం. గట్టు దిగి సాళ్ల మధ్యకు వెళితే ఆ ఒకటే అన్నది నిలవదు. ఒక మొక్క పువ్వు ముద్ద పసుపు. పక్క మొక్క పువ్వుకు రేకు వెనక ఎర్రటి చారలు. ఒకదాని కాయ లేతాకుపచ్చ, ఇంకోదాని కాయ మీద ముదురు ఊదా గీతలు. ఒకటి ఛాతీ ఎత్తున పెరిగితే, మరొకటి నడుము దగ్గరే ఆగిపోయింది. ఇంకొకటి నిలువునా ఎండిపోయింది. దాని మొదలు చీల్చి చూస్తే బెరడు కింద గోధుమరంగు నలుపు చార పైకి పాకి ఉంటుంది. అది ఎండు తెగులు. దాన్ని ఆనుకునే ఉన్న మొక్క మాత్రం పచ్చగా, కాయలతో నిలబడి ఉంటుంది.

ఈ తేడాల్లో ఏది నేల పెట్టింది, ఏది విత్తనం పెట్టింది? జీవశాస్త్రం చాలాకాలం తేల్చుకోలేని ప్రశ్న ఇది. ప్రాణుల్లో సహజంగా పుట్టే తేడాలే పరిణామానికి పెట్టుబడి అని డార్విన్ 1859లోనే చెప్పాడు. అవి తరాల్లో కలిసి కరిగిపోకుండా ఎలా నిలుస్తాయో మాత్రం ఆయన చెప్పలేకపోయాడు. కరగవని, విడివిడి అంశాలుగా పిల్లలకు అందుతాయని మెండెల్ బఠాణీలతో చూపించి 1866లో అచ్చువేశాడు. లోకం దాన్ని పట్టించుకోవడానికి 1900 రావాల్సి వచ్చింది.

నేలా, విత్తనమా అన్న చిక్కును విప్పినవాడు డెన్మార్క్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ జొహాన్సెన్. ఆయన రకరకాల బరువులున్న చిక్కుడు గింజల్ని తీసుకుని, ఒక్కో మొక్క సంతానాన్ని విడిగా పెంచాడు. అలా 19 వంశాలు తయారయ్యాయి. కలగలుపు గింజల్లోంచి పెద్దవి ఏరి విత్తితే తర్వాతి తరం సగటు బరువు పెరిగింది. ఒకే వంశంలో పెద్ద గింజ విత్తినా, చిన్న గింజ విత్తినా పిల్లల సగటు మాత్రం మారలేదు. ఆ వంశంలో గింజకూ గింజకూ ఉన్న తేడా నీరు, ఎరువు, చోటు వల్ల వచ్చింది. వారసత్వంలో తేడా లేనిచోట ఎంత ఏరినా ఫలితం సున్నా అని 1903లో ఆయన తేల్చాడు. ‘జీన్’ అన్న మాట పుట్టించినవాడు కూడా ఈయనే, 1909లో.

మన రైతుకు దీని అర్థం సూటిగా ఉంటుంది. గట్టు పక్కన ఎండా చోటూ దండిగా దొరికి గుబురుగా పెరిగిన మొక్క నుంచి విత్తనం దాచుకుంటే ఆ గుబురు మళ్లీ రాకపోవచ్చు. చుట్టూ పది మొక్కలు ఎండు తెగులుతో పోయిన చోట పచ్చగా నిలిచిన మొక్క మీద ఆశ పెట్టుకోవడం మేలు. తెగులు తగలక తప్పించుకుందో, తగిలినా తట్టుకుందో మళ్లీ అలాంటి మట్టిలోనే విత్తి చూడాలి.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ చేసిందీ ఇదే, పెద్ద ఎత్తున. మెట్టపంటల మీద పరిశోధన కోసం 1972లో మొదలైన ఈ అంతర్జాతీయ సంస్థ దేశదేశాల నుంచి కంది విత్తనాలు పోగుచేసింది. ఇప్పుడు దాని జన్యుబ్యాంకులో 74 దేశాల నుంచి వచ్చిన 13 వేలకు పైగా కంది నమూనాలున్నాయి. దీర్ఘకాలం దాచాల్సినవి సున్నాకు 20 డిగ్రీల దిగువన ఉంటాయి. ఎర్ర గింజ, తెల్ల గింజ, నల్ల గింజ, మచ్చల గింజ. నాలుగు నెలల్లో కోతకొచ్చేవి, తొమ్మిది నెలలు తీసుకునేవి అన్నీ అక్కడ దొరుకుతాయి. ఎండు తెగులు కోసం శాస్త్రవేత్తలు ఒక మడిని పనిగట్టుకుని ఆ తెగులు తెచ్చే బూజుతో నింపారు. వేల నమూనాల్ని ఆ రోగిష్టి మట్టిలోనే విత్తారు. చాలావరకు చచ్చాయి. నిలిచినవాటిలోంచి ఐసీపీ 8863 అనే రకం తేలింది. అది 1986లో ‘మారుతి’ పేరుతో కర్ణాటక రైతుల చేతికి వెళ్లింది. ఎండు తెగులుతోపాటు వెర్రి తెగులునూ తట్టుకునే ‘ఆశ’ 1993లో వచ్చింది.

రోగం సంగతి ఇలా కుదిరినా దిగుబడి కదల్లేదు. దేశంలో కంది సగటు దశాబ్దాలపాటు హెక్టారుకు ఏడెనిమిది క్వింటాళ్ల దగ్గరే ఉండిపోయింది. మొక్కజొన్న, సజ్జల్లో దిగుబడిని ఎత్తింది హైబ్రిడ్ విత్తనం, అంటే రెండు వేరువేరు రకాల్ని కలిపి పుట్టించిన విత్తనం. కందిలో దానికి అడ్డు పువ్వు నిర్మాణమే. కంది మొగ్గలో పది కేసరాలుంటాయి. తొమ్మిది కలిసి గొట్టంలా అతుక్కుని ఉంటాయి, ఒకటి విడిగా ఉంటుంది. పువ్వు విచ్చకముందే పుప్పొడి తిత్తులు పగిలి ఆ పుప్పొడి సొంత కీలాగ్రం మీదే పడుతుంది. తేనెటీగలు తర్వాత వచ్చి పక్క మొక్కల పుప్పొడి కూడా అంటిస్తాయి కాబట్టి కొన్నిచోట్ల నాలుగోవంతు గింజలదాకా పరపరాగ సంపర్కంతో పుడతాయి. హైబ్రిడ్‌కు అది చాలదు. తల్లి మొక్కకు సొంత పుప్పొడే ఉండకూడదు. ఎకరాల కొద్దీ మొగ్గలు చేత్తో విప్పి కేసరాలు గిల్లడం జరిగే పని కాదు.

అందుకని పుప్పొడి లేకుండా పుట్టిన మొక్క కోసం ఇక్రిశాట్‌లో నమూనాలన్నీ గాలించారు. మామూలు మొగ్గ విప్పితే పుప్పొడి తిత్తులు పచ్చగా, నిండుగా కనిపిస్తాయి. ఎక్కడో కొన్ని మొక్కల్లో అవి వెలుతురు దాటేంత పల్చగా, ఖాళీగా కనిపించాయి. ప్రకృతిలో ఇది లోపమే. బి.వి.ఎస్.రెడ్డి, జె.ఎం.గ్రీన్, బిసెన్ 1978లో ప్రచురించిన పరిశోధన ఆ లోపానికి ఒకే ఒక అంతర్గత జన్యువు (రెండు ప్రతులూ ఉంటేనే బయటపడేది) కారణమని చూపింది. దాని ఆధారంగా తయారైన ఐసీపీహెచ్ 8 1991లో విడుదలైంది. పప్పుధాన్యాల్లో ప్రపంచంలోనే మొదటి వాణిజ్య హైబ్రిడ్ అది.

దిగుబడి బాగుంది, విత్తనం తయారీ దగ్గర కథ ఆగింది. తల్లి మొక్కల సంతానంలో సగానికే పుప్పొడి ఉండదు, మిగతా సగం మామూలువే. విత్తనక్షేత్రంలో తొలిపూత రాగానే తల్లి సాళ్లలో ఒక్కో మొక్క దగ్గర వంగి, ఒక మొగ్గ విప్పి, తిత్తి రంగు చూడాలి. పచ్చగా ఉంటే మొక్క పీకెయ్యాలి. తేనెటీగలు పని మొదలుపెట్టేలోపే ఇదంతా ముగియాలి. ఆ కూలి భారం మోయడానికి విత్తన కంపెనీలు ముందుకు రాలేదు.

దారి అడవిలో దొరికింది. ఒడిశా, బస్తర్ కొండల్లో కజానస్ కజానిఫోలియస్ అనే అడవి కంది ఉంది. సాగు కందికి పూర్వీకురాలు ఇదేనని శాస్త్రవేత్తల అభిప్రాయం. చూడటానికి రెండూ దగ్గర దగ్గరగానే ఉంటాయి. గింజ చేతిలోకి తీసుకుంటే తేడా తెలుస్తుంది. అడవి గింజకు బొడ్డు దగ్గర లేతరంగు కండ ఉబ్బుగా ఉంటుంది. ఇక్రిశాట్‌లోని కె.బి.సక్సేనా బృందం ఈ అడవి మొక్కను తల్లిగా, సాగు కందిని తండ్రిగా పెట్టి సంకరం చేసింది. పుట్టినవాటిని తరతరానా సాగు కందితోనే కలిపింది. పుప్పొడి ఇచ్చేది కేంద్రకంలోని జన్యువుల్ని. కణద్రవ్యం, అందులోని మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తాయి. కొన్ని తరాలకు ఇల్లు అడవి తల్లిది, కాపురం సాగు కందిది అయింది. ఆ రెంటికీ పొత్తు కుదరక పుప్పొడి తయారు కాలేదు. ఈసారి సగం కాదు, తల్లి సాళ్లలో మొక్కలన్నీ అంతే. మొగ్గ విప్పి చూసే పని తప్పింది. పుప్పొడిని తిరిగి తెప్పించే జన్యువున్న రకాన్ని తండ్రిగా నాటితే రైతు పొలంలోకి వెళ్లే హైబ్రిడ్ మామూలుగానే కాయలు కాస్తుంది.

2005లో ఈ పద్ధతిని ప్రకటించారు. దీనితో తయారైన ఐసీపీహెచ్ 2671 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదలైంది. రైతుల పొలాల్లో జరిపిన పరీక్షల్లో అది మారుతి కంటే సుమారు 47 శాతం ఎక్కువ ఇచ్చింది. తెలంగాణలో ఐసీపీహెచ్ 2740 2015లో ‘మన్నెంకొండ కంది’ పేరుతో వచ్చింది. ఈ రెంటి మధ్యలో, 2011లో, రాజీవ్ వార్ష్ణేయ నాయకత్వంలోని అంతర్జాతీయ బృందం ఆశ రకం జన్యుపటాన్ని వెలువరించింది. అందులో 48,680 జన్యువుల్ని గుర్తించారు. అడవి బంధువులతో పోలిస్తే సాగు కందిలో జన్యువుల తేడాలు చాలా తక్కువ. వేల ఏళ్లుగా మనం మనకు నచ్చినవే ఏరుకుంటూ వచ్చాం, మిగతావన్నీ అడవిలోనే వదిలేశాం.

హైబ్రిడ్‌కు దాని ఇబ్బందులు దానికున్నాయి. పంటలోంచి విత్తనం దాచుకుని మళ్లీ వేస్తే మెండెల్ చెప్పిన అంశాలు విడిపోతాయి. చేను ఎగుడుదిగుడుగా, దిగుబడి తగ్గి వస్తుంది. అందుకే విత్తనం ఏటా కొనాలి, ఆ ఖర్చు మెట్టరైతుకు బరువే. వానాధార పొలంలో సొంత విత్తనంతో నడిచే మామూలు రకాలకు చోటు ఎప్పుడూ ఉంటుంది.

ఒకే రకం కంది వేసిన చేను మార్కెట్‌కు అనుకూలం. కోత ఒకేసారి వస్తుంది, కందిబేడలు ఒకే తీరున ఉంటాయి. ఎండు తెగులు బూజు మాత్రం మనతో ఒప్పందం చేసుకోలేదు. దానిలోనూ రకాలున్నాయి. ఒక ఊరి మట్టిలో తట్టుకున్న కంది మరో ఊళ్లో పడిపోవడం పరీక్షల్లో కనిపించింది. బూజు తేడాలు చూపుతూ పోతుంటే కందిలో తేడాలు మిగలకపోతే ఓడేది కందే. అడవి కందిలో, జన్యుబ్యాంకు సీసాల్లో, ఊళ్లో ఎవరో ఇంకా వదలకుండా వేస్తున్న నాటు రకంలో ఇవాళ పనికిరానట్టు కనిపించేదాన్ని కాపాడుకోవాల్సింది అందుకే. పుప్పొడి రాని పువ్వు ఎందుకు పనికొస్తుందో అది దొరికిన రోజున వెతుకుతున్నవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.