జోడు ఎక్కడ పడాలి?

మొన్న బక్రీద్ సెలవులకు మా ఆపా కొడుకు హైదరాబాద్ నుంచి చిలకలూరిపేట వచ్చేటప్పుడు బట్టల బ్యాగుతో పాటు అడుగు పొడవున్న రెండు అల్యూమినియం ముక్కలు, సంచీడు బోల్టులు తెచ్చాడు. ఏడాదిగా మా వసారాలో ఓ చట్రం పడి ఉంది. అందులో లారీ సీటు, స్టీరింగు, పెడళ్ళు, ఎదురుగా తెర. నాలుగు మూలలా మోటార్లు బిగిస్తే, తెర మీద బండి మలుపు తిరిగినప్పుడు సీటు కూడా వాలుతుంది. దాన్ని మోషన్ సిమ్యులేటర్ అంటారు. మా అమ్మీ మాత్రం, "కుర్చీ ఊగడానికి ఇంత ఖర్చా!" అంటుంది.

మోటార్లకు, వాడి పొడుగు కాళ్ళకు చోటు చాలక 1,200 మిల్లీమీటర్ల చట్రాన్ని 1,500కు పెంచాలనుకున్నాడు. అబ్బా నలభై ఏళ్ళు హైవే పక్కన లారీ ఛాసీలు కోసి, పెంచి, అతికిన మనిషి. చూసి ఊరుకోలేకపోయారు.

"వెల్డింగ్ కొట్టక ఈ బోల్టులేంటి బేటా?"

"ఇది ఇనుము కాదు నానా. సెగ తగిలితే జోడు పక్కన మెత్తబడిపోద్ది."

వాడి మాట నిజమే. ఈ కడ్డీలకు కార్ఖానాలోనే వేడితో బలం ఎక్కిస్తారు. మళ్ళీ వెల్డింగ్ సెగ తగిలిన చోట ఆ బలం చాలావరకు దిగిపోతుంది. అబ్బా ఇంకేం మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయారు. నాకు మనసు చివుక్కుమంది. నలభై ఏళ్ళ హునర్‌కు ఇక పని లేదని తేలిపోయినట్టనిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టక, అసలు ఈ ఊగే కుర్చీ తారీఖ్ ఏమిటో చదువుతూ కూర్చున్నాను.

దాని మొదలు ఓ పీపా. 1909-10 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో ఆంత్వానెత్ విమానాలు నేర్చుకునేవాళ్ళను సగానికి కోసిన పీపాలో కూర్చోబెట్టి, మనుషులే చేతులతో అటూ ఇటూ వంచేవాళ్ళు. తర్వాత అమెరికాలో ఎడ్విన్ లింక్ వచ్చాడు. వాళ్ళ నాన్నది పియానోలు, ఆర్గన్లు చేసే కార్ఖానా. ఆర్గన్‌కు గాలి ఊదే తిత్తులనే బుల్లి విమానం బొమ్మ కింద పెట్టి, 1929 నాటికి అది ఒరిగేలా, లేచేలా చేశాడు. మొదట్లో దాన్ని ఎక్కువగా కొన్నది వినోదాల పార్కులవాళ్ళు. మా అమ్మీలాగే అప్పటివాళ్ళూ ఆట వస్తువనుకున్నారు.

1934లో విమానాల్లో ఉత్తరాలు మోసే పని అమెరికా సైన్యం మీద పడింది. మబ్బుల్లో, చీకట్లో మీటర్లు చూసి నడిపే తాలీమ్ సరిగా లేక, కొద్ది వారాల్లోనే డజనుకు అటూ ఇటూగా పైలట్ల జానులు పోయాయి. అప్పుడు గాని సైన్యం లింక్ యంత్రాలు 6 కొనలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో లక్షల మంది పైలట్లు వాటి మీదే నేర్చుకున్నారు.

మన లారీల ఊరివాళ్ళకు నచ్చే ముచ్చట ఇంకోటుంది. ఈనాటి పెద్ద సిమ్యులేటర్లు ఆరు కాళ్ళ మీద నిలబడి ఎటు కావాలంటే అటు కదులుతాయి. ఆ ఆరు కాళ్ళ అమరిక ముందు తయారైంది టైర్ల కోసం. ఇంగ్లండులో డన్‌లప్ కంపెనీ ఇంజనీరు ఎరిక్ గాఫ్, టైరు మీద అన్ని వైపుల నుంచీ పడే బరువును పరీక్షించడానికి 1950లలో ఆ యంత్రం చేశాడు. 1965లో స్టువర్ట్ అనే మరో ఇంజనీరు, పైలట్ల తాలీమ్ కోసం ఆరు కాళ్ళ పలక గురించి వ్యాసం రాశాడు. పేరు స్టువర్ట్‌కు పోయింది. మన హైదరాబాద్‌లోనూ 1993లో మొదలైన జెన్ టెక్నాలజీస్ సైన్యానికి, డ్రైవర్లకు తాలీమ్ ఇచ్చే సిమ్యులేటర్లు చేస్తోంది.

ఇక ఆ కడ్డీలు. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో ఎరూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, కరెంటుతో అల్యూమినియం చౌకగా తీసే దారి కనిపెట్టారు. ఇద్దరికీ అప్పుడు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళే. 1894లో అలెగ్జాండర్ డిక్ అనే ఆయన, కాలిన లోహాన్ని అచ్చులోంచి నెట్టి పొడవాటి కడ్డీలుగా తీసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఈద్‌కు ముందు మన ఇళ్ళలో సేవియా మిషన్ తిప్పుతాం చూడండి, అదే పద్ధతి. బిళ్ళకున్న బెజ్జం ఏ షకల్‌లో ఉంటే సేవియా ఆ షకల్‌లో దిగుతుంది. ఈ కడ్డీలకు పక్కన కనిపించే గాడి కూడా అచ్చులోంచే వస్తుంది. ఆ గాడిలో నట్టు జారవిడిచి ఎక్కడంటే అక్కడ బిగించుకోవచ్చు.

పొద్దున లేచి చూస్తే అబ్బా వసారాలో చట్రం పక్కన గొంతుకూర్చుని ఉన్నారు. చేతిలో నూనె మరకల పాత కాపీ. ఏ లారీని ఎన్ని అడుగులు పెంచారో, కోత ఎక్కడ పెట్టారో, లోపలి పట్టీ ఎంత పొడవో, అన్నీ అందులో ఉర్దూలో రాసుకున్నారు. మా వాడిది ఇంగ్లీష్ మీడియం, ఉర్దూ చదవలేడు. నేను ఉర్దూ బడిలో చదువుకున్నాను కాబట్టి చదివి చెప్పాను. కమాన్ కట్టలు పట్టే చోట జోడు వద్దు. ఛానెల్ రెక్కకు బెజ్జం వద్దు. బరువు ఎక్కువ పడే చోటికి దూరంగా కోయాలి.

వాడు రెండు ముక్కలనూ ముందు వైపే అతకాలని గీత గీసుకున్నాడు. పెడళ్ళ పలక మొత్తం ఆ కొత్త ముక్కల మీదే. "బ్రేకు తొక్కినప్పుడల్లా జోరంతా రెండు జోళ్ళ మీదే పడుద్ది. ఒకే గీత మీద రెండు జోళ్ళుంటే ఏదో ఒకరోజు అక్కడే వదులైపోద్ది" అన్నారు అబ్బా. ఎడమ కడ్డీకి ముందు, కుడి కడ్డీకి వెనక అతకమన్నారు.

మా వాడు హిసాబ్ వేశాడు. నేల మీద ఉన్నంతకాలం బరువు నేలే మోసింది. నాలుగు మూలలా మోటార్ల మీదకు ఎత్తితే ఇక కడ్డీలే మోయాలి. పొడవు 1,200 నుంచి 1,500 అయితే నడుమ వంపు దాదాపు రెట్టింపవుతుంది. పైగా అదే కొలత ఇనుముతో పోలిస్తే అల్యూమినియం మూడింతలు వంగుతుంది. అందుకే 40-80 కడ్డీని పడుకోబెట్టకుండా 80 వైపు నిలబెట్టారు. జోళ్ళకు రెండు పక్కలా పొడవు పట్టీలు వేసి, మూల నుంచి మూలకు దారం పట్టి, రెండు కొలతలూ ఒకటయ్యాకే బోల్టులు బిగించారు.

1206లో దియార్‌బకర్‌లో అల్ జజరీ తన యంత్రాల కితాబ్ పూర్తి చేశాడు. ఏ భాగం ఎలా చేయాలో వివరంగా రాసి, బొమ్మలు గీశాడు. అందుకే ఈ కాలంలో కూడా వాటిని మళ్ళీ కట్టగలిగారు. మన మిస్త్రీలలో ఎంతమంది లెక్కలు ఇలా మిగిలాయి? మనిషితో పాటే మట్టిలో కలిసినవే ఎక్కువ. రాసుకున్న కొద్దిమంది కాపీలు కూడా పిల్లలు చదవలేక పాత కాగితాల బండికి పోతున్నాయి.

సాయంత్రం అబ్బాను సీట్లో కూర్చోబెట్టాం. బ్రేకు గట్టిగా తొక్కారు. అందరం తెర వంక చూస్తుంటే ఆయన కిందికి, జోడు వంక చూస్తున్నారు. అది కదల్లేదు.

ఇప్పుడు ఆ కాపీని రోజుకో పేజీ చొప్పున తెలుగులో రాస్తున్నాను. అర్థం కాని చోట అబ్బాను అడుగుతున్నాను. మీ ఇంట్లోనూ నానా, దాదాల కాపీ ఏదైనా ఉంటే, అడగడానికి వాళ్ళు ఉండగానే తెరవండి.