స్లీప్‌లోనూ ఆగని ఫ్యాన్

కంప్యూటర్‌ని స్లీప్‌లో పెట్టినా లోపల ఫ్యాన్ తిరుగుతూనే ఉందని రిపేర్ షాపుకి తీసుకెళ్తే, మీర్‌పేట్‌లోనైనా సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోనైనా మొదట వినిపించే మాట ‘దుమ్ము పట్టింది, సర్వీసింగ్ చేయాలి’. హైదరాబాద్ చుట్టూ ఏళ్ల తరబడి ఆగని కట్టుబడి పనులు, నలభై డిగ్రీలు దాటే ఎండలు తెలిసినవాళ్లెవరికైనా ఆ మాట నమ్మబుద్ధేస్తుంది. శివారు మీర్‌పేట్ ఒకప్పుడు పంచాయతీ, పెరిగి పెరిగి 2019కల్లా కార్పొరేషన్ అయింది. అక్కడ సిమెంటు దుమ్ముకు కొదవేముంటుంది? అయినా ఈ జబ్బుకు మూలం చాలాసార్లు దుమ్ములో ఉండదు. ‘స్లీప్’ అనే మాటకు కంప్యూటర్ పరిశ్రమ వేర్వేరు కాలాల్లో వేర్వేరు అర్థాలు పెట్టింది. ఫ్యాన్ ఆగాలా వద్దా అన్నది తేల్చేది ఆ అర్థాలే.

హైదరాబాద్‌లో ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ 1967లో మొదలై కంప్యూటర్లు తయారుచేసిన రోజుల్లో యంత్రానికి నిద్ర అన్న ఆలోచనే లేదు. ఏసీ గదిలో నడిపితే నడపడం, ఆపితే ఆపడం. తర్వాత బల్లమీదికొచ్చిన పీసీలోనూ అంతే. ఫ్యాన్ ఉండేది ఎస్ఎంపీఎస్‌లో, అంటే కరెంటు సరఫరా చేసే పెట్టెలో. స్విచ్ నొక్కితే కరెంటే తెగేది, దాంతోపాటు ఫ్యానూ ఆగేది. 386 చిప్‌లకు సాధారణంగా విడిగా ఫ్యానే ఉండేది కాదు. 486ల్లో వేగం పెరిగిన రకాలు, 1993లో పెంటియం వచ్చాక ప్రాసెసర్ నెత్తిన ఫ్యాన్ తప్పనిసరైంది. ఈలోగా 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఏపీఎం అనే పద్ధతి తెచ్చాయి. నిద్రపుచ్చే పని అందులో ముఖ్యంగా మదర్‌బోర్డులో ఉండే బయాస్ ప్రోగ్రామ్‌ది. 1995లో ఏటీఎక్స్ నమూనా వచ్చి అసలు మార్పు తెచ్చింది. పవర్ బటన్ కరెంటును నేరుగా తెంచడం మానేసి, మదర్‌బోర్డుకు కబురు మాత్రమే పంపడం మొదలుపెట్టింది. ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే వైర్లకట్టలో ఊదారంగు వైరు ఎప్పుడూ 5 వోల్టులు మోస్తుంది. పచ్చవైరు సంకేతం ఇస్తేనే మిగతా సరఫరా, అంటే ఫ్యాన్లను తిప్పే 12 వోల్టులు కూడా, మొదలవుతుంది.

ఈ రెండు వైర్లూ గుర్తుంటే చిక్కు సగం విడిపోతుంది. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా ప్రకటించిన ఏసీపీఐ నిద్రను మెట్లుగా విభజించింది. ఎస్1లో ప్రాసెసర్ పని ఆపుతుంది గానీ సరఫరా అంతా అలాగే ఉంటుంది, కాబట్టి ఫ్యాన్లు సాధారణంగా తిరుగుతూనే ఉంటాయి. ఎస్3లో పచ్చవైరు సంకేతం ఆగిపోతుంది. ఊదావైరు కరెంటుతో ర్యామ్‌లో ఉన్నదొక్కటే నిలుస్తుంది, ఫ్యాన్లు ఆగుతాయి. పాత అవార్డ్ బయాస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ పేజీ తెరిస్తే ఏసీపీఐ సస్పెండ్ టైప్ ఎదురుగా ఎస్1 (పీఓఎస్), ఎస్3 (ఎస్‌టీఆర్) అని ఎంచుకునే చోటు కనిపిస్తుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లాంటి చోట్ల విడిభాగాలు కొని అసెంబుల్ చేయించుకున్న సిస్టంలలో ఒకరి బోర్డు, మరొకరి ర్యామ్, ఇంకొకరి గ్రాఫిక్స్ కార్డు. ఎస్3 నుంచి లేచేటప్పుడు వీటిలో ఏది మొరాయించినా తెర నల్లగా ఉండిపోతుంది. అలాంటప్పుడు ఎస్1 మీద ఉంచేయడం అమ్మేవాడికి క్షేమం. పైగా కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఇళ్లలో స్లీప్‌ను నమ్ముకునేవాళ్లెందరు? షట్‌డౌన్ చేసి గోడ స్విచ్ ఆపేసే ఇంట్లో ఆ సెట్టింగ్ ఏళ్లపాటు ఎవరి కంటా పడదు.

దుమ్ము వల్ల కాదని అంత గట్టిగా ఎలా చెప్పగలం? దుమ్ము పేరుకుంటే చిప్ వేడెక్కుతుంది, ఫ్యాన్ వేగం పెరుగుతుంది, మోత వస్తుంది, అదంతా నిజమే. కానీ దుమ్ము 12 వోల్టుల సరఫరా ఇవ్వలేదు. డెస్క్‌టాప్‌లో ఫ్యాన్ తిరుగుతోందంటే ప్రధాన సరఫరా నడుస్తోందన్నమాటే, అంటే ఆ యంత్రం అప్పుడు ఎస్3లో లేదు. అందుకే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఏ కొట్టి, ఏ నిద్రలు అందుబాటులో ఉన్నాయో చూడటం మేలు. ఎస్1 ఒక్కటే కనిపిస్తే బయాస్‌లోకి వెళ్లాలి. ఎస్3 ఉన్నా, ఆగిన ఫ్యాన్ కాసేపటికి మళ్లీ మొదలైతే అది వేరే సంగతి. నెట్‌వర్క్ కార్డో, మౌసో, అప్‌డేట్ టైమరో యంత్రాన్ని లేపేస్తోంది. లేపిందెవరో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ లాస్ట్‌వేక్ చాలాసార్లు చెప్పేస్తుంది. ఈ రెండు ఫిర్యాదుల్నీ ఒకే గాటన కట్టడం వల్లే అనవసరంగా కొత్త ఫ్యాన్లు కొనిపిస్తున్నారని నా అనుమానం.

అయితే లాప్‌టాప్‌ల దగ్గర నా వాదన కొంత సడలించుకోక తప్పదు. 2012లో విండోస్ 8తో కనెక్టెడ్ స్టాండ్‌బై, 2015లో విండోస్ 10తో మోడర్న్ స్టాండ్‌బై వచ్చాయి. సెల్‌ఫోన్‌లా తెర ఆరినా లోపల కాస్త మెలకువ ఉండాలన్నది వాటి ఉద్దేశం. ఈ పద్ధతికి మారిన లాప్‌టాప్‌లు చాలావాటిలో ఎస్3 అసలు దొరకదు. పవర్‌సీఎఫ్‌జీ జాబితాలో స్టాండ్‌బై కింద ‘ఎస్0 లో-పవర్ ఐడిల్’ అని మాత్రమే ఉంటుంది. ఇక్కడ సరఫరా తెగదు కాబట్టి, మూత వేశాక కూడా వేడిని బట్టి ఫ్యాన్ తిరగొచ్చు. దుమ్ము పట్టిన హీట్‌సింక్ ఉంటే ఎక్కువసేపే తిరగొచ్చు. షాపువాడి మాటకు ఈ యంత్రాల్లో కొంత బలముంది. అయినా అతను బ్రష్ తీసేలోపు పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ స్లీప్‌స్టడీ రిపోర్టు తీయమనండి. గడిచిన మూడు రోజుల్లో ఎంతసేపు నిద్రపోయిందో, ఆ నిద్రలో ఏ ప్రోగ్రామ్, ఏ డివైజ్ పని చేస్తూ కూర్చున్నాయో అందులో వరసగా ఉంటుంది. రాత్రంతా పనిచేసిన పేరేదైనా కనిపిస్తే, ముందు దాన్ని ఆపి చూసి, ఆ తర్వాత మూత విప్పించుకోవచ్చు.